అడగని ప్రాణి పట్ల ధర్మం

మనిషి తనకు ఉపయోగపడే జంతువులను, తనను గుర్తించి దగ్గరకు వచ్చే జంతువులను పెంచుకోవడం అనాదిగా ఉన్నదే. ఆవు పాలిస్తుంది, ఎద్దు దుక్కి దున్నుతుంది, కుక్క వాకిట కాపలా కాస్తుంది, చిలుక నేర్పిన మాట పలుకుతుంది. పాలివ్వనిదీ, పలకనిదీ, పిలిస్తే రానిదీ అయిన కొండచిలువను ఇంటిలో పెట్టుకోవాలనే కోరిక మన నగరాలలో కొంతకాలంగా కనబడుతున్నది. దీనిని వింత సరదాగా కొట్టివేయడం సులభం. నేరంగా భావించి చట్టానికి వదిలివేయడమూ సులభమే. కాని దీనిలో ఇమిడి ఉన్న ధర్మప్రశ్న అంత తేలికగా తెగేది కాదు. తనకేమి కావాలో అడగలేని, బాధ కలిగితే మొరపెట్టుకోలేని ప్రాణి భారాన్ని నెత్తిన వేసుకొన్నవాడు, తాను సరిగా చూసుకొంటున్నదీ లేనిదీ దేనిని బట్టి తెలుసుకోవాలి?

ప్రశ్నను గాలిలో నిలపక ఒక చోట నిలిపి చూద్దాం. సూరత్ నగరపు దక్షిణ భాగాన బమ్రోలీ, భెస్తాన్‌ల సమీపంలో వడోద్ ఉన్నది. ఒకప్పటి పల్లె, నేడు నగరపు పారిశ్రామిక వాడల నడుమ కలిసిపోయినది. సూరత్ మగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ నగరంలో తరాలుగా స్థిరపడినవి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారి సంఖ్యను ఊహించవచ్చు. ఆ వాడలలో ఒక గది ఇల్లు, ఆ గదిలో నలుగురైదుగురు మనుషులు ఉండటం సామాన్యం. అటువంటి ఇంటికి ఒక యువకుడు మూరెడు పొడవు పాముపిల్లను డబ్బాలో పెట్టి తెచ్చినాడనుకొందాం. ఇది కేవలం ఉదాహరణకు కల్పించుకొన్న యువకుడే. అయినా అతడు చేయదలచినది ఏమిటో, దానికి అతడు చెల్లించవలసిన మూల్యమేమిటో చూడటానికి ఆ గదిని మనస్సులో ఉంచుకోవడం మంచిది.

చట్టం సంగతి మొదట ముగించుదాం. మన దేశపు కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. 2022 సవరణ తరువాత ఆ నేరానికి మూడు నుండి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. దక్షిణ గుజరాత్ చెరకు తోటలలో, కాలువ గట్ల మీద కనబడే కొండచిలువ విషయంలో పౌరుడు చేయవలసినది అటవీ శాఖకు కబురు చేయడమే. మిగిలినవి విదేశీ జాతులు. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ వీటిలో ముఖ్యమైనది. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇటువంటి ప్రాణులు ఉన్నవారు ఆరు నెలలలో స్వచ్ఛందంగా వెల్లడించవచ్చునని ప్రకటించినది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాలు నమోదును తప్పనిసరి చేసినవి. దొంగరవాణా మాత్రం ఆగలేదు. 2023 జూలైలో తిరుచిరాపల్లి విమానాశ్రయంలో ఒకే ప్రయాణికుని సామానులో 47 కొండచిలువలు, 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో 10 పసుపు అనకొండలు పట్టుబడినవి. ఊపిరాడని సంచిలో సముద్రం దాటి వచ్చిన ప్రాణిని కొన్నవాడు తాను ఎవరినీ హింసించలేదని అనుకోవచ్చు. ఆ సంచికి ధర కట్టినది తానేనన్న సంగతి అతనికి గుర్తురాదు.

చట్టబద్ధంగా పామును ఉంచుకొన్నవాని విషయమే మనకిక్కడ ముఖ్యం. ఎందుకంటే చట్టం అనుమతించిన చోటనే ధర్మం తన ప్రశ్నను మొదలుపెడుతుంది.

మన వాఙ్మయంలో అజగరానికి విచిత్రమైన గౌరవం ఉన్నది. భారతంలో నహుషుడు అహంకారంతో శాపగ్రస్తుడై అజగరమై అడవిలో పడివున్నాడు. వేయి ఏనుగుల బలం గల భీముని చుట్టి కదలనీయని ఆ పాము, ధర్మరాజుతో ధర్మచర్చ చేసి, సంతృప్తి చెంది తమ్ముని విడిచిపెట్టినది. భాగవతం సప్తమ స్కంధంలో కావేరీతీరాన నేలమీద పడివున్న ఒక ముని ప్రహ్లాదునికి కనబడుతాడు. ఆయన వ్రతం అజగరవ్రతం. దొరికినది తినడం, దొరకకపోతే కదలక పడివుండటం. ఏకాదశ స్కంధంలో అవధూత యదువునకు చెప్పిన ఇరువది నలుగురు గురువులలో అజగరం ఒకటి. తెలుగులో ఆ స్కంధాన్ని రచించినది వెలిగందల నారయ. కొండచిలువ వేటకై పరుగెత్తదు, ఆకలికి అరవదు, దొరకనందుకు దుఃఖించదు. ఋషులు దీనిలో వైరాగ్యాన్ని చూచినారు.

నేటి అమ్మకందారు కూడా ఈ గుణాన్నే చూస్తున్నాడు. అతని భాష మాత్రం వేరు. ఇది రోజూ తినదు, అరవదు, వాసన వేయదు, ఊరికి పోయినా ఫరవాలేదు, చిన్న పెట్టె చాలు. మునికి గురువైన లక్షణమే కొనుగోలుదారునికి సౌకర్యమైనది. ఇక్కడ ఒక మోసం ఉన్నది, దానిని నిదానంగా గమనించాలి. ముని కదలక పడివుండటం ఆయన ఎన్నుకొన్నది. అడవిలో కొండచిలువ కదలక పడివుండటమూ దాని జీవనోపాయమే. ఎండ ఎక్కువైతే బొరియలోకి, చలి ఎక్కితే బండమీదికి, దాహమైతే మడుగులోకి పోగల స్వేచ్ఛ దానికున్నది. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కులో కొండచిలువలు ముళ్లపందుల బొరియలలో తలదాచుకొని, చలికాలపు పగళ్లలో ఎండకై బయటికి రావడం పరిశోధకులు ఏళ్ల తరబడి నమోదు చేసినారు. పెట్టెలోని పాము కదలకపోవడానికి మాత్రం కారణం వేరు. కదలడానికి చోటు లేదు, పోవడానికి వేరొక తావు లేదు. బయటికి రెండు నిశ్చలతలూ ఒకటిగానే కనబడుతవి. పెంపకందారు తనకు అనుకూలమైన అర్థాన్ని తీసుకొంటాడు.

అర్జీ అందితే గాని కాగితం కదలని పద్ధతికి అలవాటుపడిన మనకు, అర్జీ పెట్టలేనివాని కష్టం కనబడదు. ఆవు ఆకలికి అంబా అంటుంది. కుక్క గొలుసు లాగుతుంది. కొండచిలువ నెలల తరబడి తినకుండా బతకగలదు. కనుక అశ్రద్ధకు సాక్ష్యం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఊపిరితిత్తులకు జబ్బు చేసి నోరు తెరిచి శ్వాస తీస్తున్నప్పుడో, వేడి దీపానికి పొట్ట కాలి పొలుసులు ఊడినప్పుడో, కుబుసం ఒక్క ఒరగా రాక ముక్కలు ముక్కలుగా అతుక్కుపోయినప్పుడో యజమానికి తెలుస్తుంది. అప్పటికి ఆ ప్రాణి ఎన్ని వారాలుగా, ఎన్ని నెలలుగా బాధపడుతున్నదో చెప్పగలవారు లేరు. పాముకు స్పర్శ తప్ప భావం లేదనేవారు ఉన్నారు. ఆడకొండచిలువ గుడ్లను చుట్టుకొని, కండరాలను వణికించి తన ఒంటి వేడిని పెంచి పొదుగుతుందని 1841లోనే పారిస్‌లోని ప్రకృతి చరిత్ర సంగ్రహాలయంలో ఉష్ణమాపకంతో కొలిచి చూచినారు. రెండు నెలల పాటు ఆహారం మాని గుడ్లను కాచే ప్రాణిని గురించి, దానికేమీ పట్టదు అని తీర్మానించేముందు కొంత సంకోచం ఉచితం.

కనుక కొండచిలువ పెంపకంలో ప్రేమకంటె ముందు కొలతలు రావాలి. ఈ మాట కటువుగా ఉండవచ్చు. కుక్క విషయంలో మన ప్రేమలోని లోటును అదే ఎత్తిచూపుతుంది. ఇక్కడ ఆ సహాయం లేదు. దానికి బదులు పనిచేసేవి పొడవు, వేడి, తేమ, తాళం. మన దేశపు కొండచిలువ సామాన్యంగా మూడు మీటర్లు పెరుగుతుంది. బర్మా కొండచిలువ అయిదు మీటర్లు దాటవచ్చు. ఆగ్నేయాసియాకు చెందిన రెటిక్యులేటెడ్ పైథాన్ ఆరు మీటర్లు మించినవి ఉన్నవి. పాము ఎలాగూ చుట్టుకొని పడుకుంటుంది, దాని పొడవులో సగముంటే పెట్టె చాలునన్న పాత లెక్కను నేడు పరిశోధకులు గట్టిగా ఖండిస్తున్నారు. ఏ పాముకైనా శరీరాన్ని పూర్తిగా చాచే అవకాశం ఉండాలి. మూడు మీటర్ల పాముకు మూడు మీటర్ల పెట్టె అంటే, మనం అనుకొన్న వడోద్ గదిలో ఒక గోడ మొత్తం. ఆ గోడకు ఆనుకొని ఎవరు పడుకొంటున్నారో వారిని ముందుగా అడగాలి.

పెట్టెలో ఒక కొస 31, 32 డిగ్రీల వేడిగా, రెండవ కొస 26 డిగ్రీల చల్లగా ఉండాలి. పాము ఈ రెండింటి మధ్య తిరుగుతూ తన ఒంటి వేడిని సవరించుకొంటుంది. ఒకే వేడి గల పెట్టె దానికి ఎండలేని జైలైనా అవుతుంది, నీడలేని ఎడారైనా అవుతుంది. సూరత్‌లో చలికాలపు రాత్రులు 15 డిగ్రీలకు దగ్గరగా పోతవి. మే నెలలో రేకుల కప్పు కింది గది పగలంతా కొలిమివలె ఉంటుంది. కనుక వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ ఉండాలి, దీపానికి పాము తగలకుండా తీగల గూడు ఉండాలి, కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలో ముందే నిర్ణయించుకొని ఉండాలి. పూర్తిగా మునగగల నీటితొట్టి, తలదాచుకొనే మరుగు, రెండు తాళాలు. రెండున్నర మీటర్లు దాటిన పామును ఒంటరిగా చేతిలోకి తీసుకోరాదు. ఎంత నమ్మకమున్నా రెండవ మనిషి ప్రక్కన ఉండవలసినదే. ఎలుక వాసన తగిలిన చేతితో పెట్టె తెరవరాదు. పాము పగతో పట్టదు. పెదవుల వెంట ఉన్న గుంటలతో అది వెచ్చదనాన్ని కనిపెడుతుంది, వెచ్చని చేయి దానికి ఆహారమే. సరీసృపాల వలన సాల్మొనెల్లా సోకే ప్రమాదమున్నందున ముట్టిన ప్రతిసారీ చేతులు కడుగుకోవాలి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట అసలు ఉంచరాదన్నది వైద్యుల సలహా. ఇవన్నీ చదివి పాఠకులకు విసుగు కలిగితే, ఆ విసుగు పాతికేళ్ల పాటు రోజూ భరించవలసినదని గుర్తించడం మంచిది.

కొలతలు తప్పితే ఏమవుతుందన్న దానికి ఊహలతో పనిలేదు. 2013 ఆగస్టులో కెనడాలోని క్యాంప్‌బెల్టన్ పట్టణంలో, జంతువుల దుకాణం పైనున్న ఇంటిలో ఉంచిన ఆఫ్రికా కొండచిలువ గాలిగొట్టం దారిన బయటపడి, పక్కగదిలో నిద్రిస్తున్న ఇద్దరు చిన్నపిల్లలను, అన్నదమ్ములను, చంపినది. వారు ఆ ఇంటికి రాత్రి గడపడానికి వచ్చిన స్నేహితుని పిల్లలు. పాము యజమానిపై నేరపూరిత నిర్లక్ష్యం ఆరోపించినారు. 2016లో న్యాయస్థానం ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టినది. తీర్పును తప్పుపట్టవలసిన పనిలేదు. నేరం నిరూపించడానికి న్యాయశాస్త్రం కోరే ప్రమాణం ఎత్తైనది, ఉండవలసినదే. కాని నేరం కాదన్నంత మాత్రాన ఆ గొట్టం నోటికి మూత చూసుకొనే బాధ్యత ఎవరిది కాకుండా పోతుంది? పాముకు దారి తెలుసుకొనే స్వభావం ఉన్నది, దోషభావన లేదు. పిల్లలకు తామెక్కడ పడుకొన్నదీ తెలియదు. ఆ ఇంటిలో ముందుచూపుకు అవకాశమున్నది ఒక్క మనిషికే. మన ధర్మశాస్త్రాలలో దండన ఒక అధ్యాయం, ప్రాయశ్చిత్తం మరొక అధ్యాయం. రాజు విడిచిపెట్టిన చోట కూడా రెండవది మిగిలి ఉంటుందని మన పెద్దలకు తెలుసు.

ఇక ఎలుక సంగతి. ఈ విషయంపై వ్రాసేవారు సాధారణంగా దీనిని దాటవేస్తారు. సూరత్ నేపథ్యంలో దాటవేయడం కుదరదు. 18వ శతాబ్దంలో ఆ నగరంలో వర్తకులు నడిపిన జంతువుల ఆసుపత్రి గురించి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జేమ్స్ ఫోర్బ్స్ 1813లో వెలువరించిన ఓరియంటల్ మెమాయిర్స్‌లో వివరించినాడు. ముసలి గుర్రాలు, ఎద్దులు, పక్షులు, దశాబ్దాలుగా అక్కడే ఉన్న ఒక తాబేలు. వాటితోపాటు ఎలుకలకు, నల్లులకు కూడా ఒక విభాగం. ఆ నల్లులకు ఆహారం కావాలి గనుక, వీధిలోని బిచ్చగానిని కూలికి పిలిచి ఆ గదిలో ఒక రాత్రి పడుకోబెట్టేవారట. ఫోర్బ్స్‌కు ఇది వింతగా తోచినది. మనకు వింతకంటె ఎక్కువగా తోచవలసినది మరొకటి ఉన్నది. దయ ఒకరిది, పుణ్యమూ వారిదే, రక్తం మాత్రం బిచ్చగానిది.

కొండచిలువ పెట్టెలో ఆ బిచ్చగాని స్థానం ఎలుకది, కుందేలుది, కోడిది. మాంసాహారి తన ఆహారం తినడంలో అధర్మం లేదు. అడవిలో కొండచిలువ జింకపిల్లను మింగినప్పుడు మనం కర్తలం కాము. పెట్టె మూసిన క్షణం నుండి ఆ పాము తినే ప్రతి ప్రాణికీ మనమే కర్తలం. పెద్ద పాముకు మూడు వారాలకొకటి చొప్పున లెక్కించినా పాతికేళ్లలో నాలుగు వందలకు పైగా ప్రాణులు. ఆ నాలుగు వందల ప్రాణాలకు సమానమైన కారణం ఏదైనా ఉన్నదా అని పెంపకందారు తనను తాను అడుగుకోవాలి. గాయపడి అడవికి తిరిగి పోలేని పామును సాకే జంతుప్రదర్శనశాలకు ఒక సమాధానం ఉన్నది. సముద్రాలు దాటించి తెచ్చిన పామును అతిథులకు చూపి ముచ్చటపడేవానికి ఏ సమాధానం ఉన్నదో నాకు తోచడంలేదు. పోనీ, పామును ఇప్పటికే తెచ్చుకొన్నాడు, దానిని పస్తులుంచి అహింస పాటించడం మరింత హింస. అప్పుడు చేయగలిగినదల్లా, బతికివున్న ఎలుకను పెట్టెలో వదలి తమాషా చూడకుండా, బాధలేకుండా చంపి నిలవచేసిన ఆహారాన్ని తగిన వెచ్చదనానికి తెచ్చి ఇవ్వడం. బతికివున్న ఎలుక పామును కరిచి పుండు చేసిన సందర్భాలూ తక్కువేమీ కాదు. తప్పించుకొనే దారిలేని చోట ఇద్దరినీ ఎదురెదురుగా నిలపడం వేట అనిపించుకోదు.

పాముకు పాలుపోసి పెంచినట్లు అని తెలుగులో సామెత. కృతఘ్నతకు దృష్టాంతంగా వాడుతాం. నిజానికి ఆ సామెతలో తప్పు పాముది కాదు, పాలది. పాము పాలు తాగదు. నాగుల చవితికి తెచ్చి చూపే పాములు పాత్రలో నోరు పెట్టినవంటే, వాటిని రోజుల తరబడి దాహంతో ఉంచడమే కారణమని పాములను ఎరిగినవారు చెబుతారు. మనకు పవిత్రమైనది దానికి పనికిరాదు. అయినా మనకు ప్రీతియైనదానినే ఇచ్చి, దాని నుండి కృతజ్ఞతను ఆశిస్తాం. కొండచిలువ మెడలో వేసుకొని తిప్పడం, దానికి పేరుపెట్టి పిలవడం, అది నన్ను గుర్తుపడుతుంది అని మురవడం ఈ పాలుపోసే అలవాటుకు నేటి రూపం. కొండచిలువ చేతికి అలవాటుపడుతుంది, భయం తగ్గుతుంది. అంతవరకే నమ్మవచ్చు.

ఎంతకాలం అన్న ప్రశ్న కూడా ఉన్నది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు 1961లో ఒక వ్యక్తి తన బాల్ పైథాన్‌ను అప్పగించినాడు. 2020లో, సుమారు 62 ఏళ్ల వయసులో, ఏళ్ల తరబడి మగపాము తోడు లేకుండా ఉన్న ఆ పాము ఏడు గుడ్లు పెట్టినప్పుడు లోకమంతా ఆశ్చర్యపడినది. నాకు మాత్రం ఆ మొదటి యజమాని గుర్తుకు వచ్చినాడు. ఆయన పాము భారాన్ని వదిలించుకొన్న తరువాత దాదాపు అరవై ఏళ్లు ఒక సంస్థ దానిని మోసినది. ఆయన చేసినది మంచి పని. తాళం తీసి అడవిలో వదలలేదు. ఫ్లోరిడాలో అలా జరిగింది. పెంచలేక వదిలినవి, పెంపక కేంద్రాల నుండి తప్పించుకొన్నవి కలిసి బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలలో స్థిరపడినవి. 2012 నాటి ఒక అధ్యయనం ప్రకారం అక్కడ కనబడే రకూన్‌ల సంఖ్య 99 శాతం తగ్గినది. 2017లో తమిళనాడుకు చెందిన ఇరుల నిపుణులు మాసి సడయన్, వడివేల్ గోపాల్ అక్కడికి వెళ్లి కొద్ది రోజులలోనే 13 కొండచిలువలను పట్టి ఇచ్చినారు. 2023లో వారికి పద్మశ్రీ లభించినది. ఆసియా అడవి నుండి పామును తెచ్చుకొన్న సంపన్నదేశం, దానిని పట్టడానికి ఆసియా అడవి మనుషులనే పిలుచుకొన్నది.

జీవదయకు పేరుపొందిన సూరత్ ప్రాంతంలో ఈ ప్రమాదం దయ రూపంలోనే రావచ్చు. వడోద్ యువకునికి ఉద్యోగం మారుతుంది, పెళ్లి అవుతుంది, ఇంట్లో బిడ్డ పుడుతుంది. పాము నిండుగా పెరిగినది, పెట్టె ఎప్పుడో చాలకుండా పోయినది. ఒక రాత్రి దానిని గోనెసంచిలో వేసుకొని చెరకు తోటల కాలువగట్టుకు పోయి విడిచిపెట్టాలనిపిస్తుంది. బంధించినవాడే విముక్తి ఇచ్చినానన్న తృప్తితో ఇల్లు చేరవచ్చు. కాని ఆ గట్టు దానికి అడవి కాదు. బతికితే, ఏ రోగాన్ని మోసుకొచ్చి స్థానిక పాములకు అంటిస్తుందో తెలియదు. చస్తే, మొదటి మనిషి కంటబడిన చోట కర్రదెబ్బలతో చస్తుంది. సంచి పట్టుకొని అతడు వెళ్లవలసినది అటవీ శాఖ కార్యాలయానికి. అక్కడ అతనిని మొదటే నేరస్తునిగా చూస్తే మరొకడు అటువైపు రాడు.

నమోదు చేసే అధికారులు ఇందులో చేయగలిగినది చాలా ఉన్నది. పత్రంలో జాతి పేరు, సంఖ్య వ్రాసుకోవడంతో ఆగక, వీలైన చోట ఆ ఇంటికి ఒక కొలతటేపు, ఒక ఉష్ణమాపకం తీసుకొని వెళ్లవచ్చు. పాము పొడవు, పెట్టె పొడవు పక్కపక్కన వ్రాయవచ్చు. పెట్టె రెండు కొసలా వేడి కొలవవచ్చు. గాలిరంధ్రాలకు మూతలున్నవా, తాళంచెవి ఎక్కడ ఉంటుంది, ఇంటిలో చిన్నపిల్లలెందరు, పామును ఎత్తవలసివచ్చినప్పుడు తోడుండే రెండవ మనిషి ఎవరు అని అడగవచ్చు. పాము ముప్పై ఏళ్లు బతకగలదు గనుక యజమాని వయసు ఎంత, అతని తరువాత దీనిని ఎవరు చూస్తారు అని కూడా అడిగి, ఆ రెండవ పేరు గల మనిషి చేత సంతకం చేయించుకోవచ్చు.